పదిహేడో ప్రశ్న

మద్రాసు నుంచి కవరు వచ్చిన పూట నేను మా ఆయన సైకిలుకి కొత్త గంట బిగిస్తున్నాను. బెజవాడ గవర్నరుపేటలో మేము అద్దెకున్న వాటాకి వసారా ఒక్కటే మా సొంతం, తక్కినదంతా ఇంటివాళ్ళతో ఉమ్మడి. ఆ వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, స్క్రూ తిప్పడానికి వేరే ఏమీ దొరక్క అట్లకాడ కొసతో తిప్పుతున్నాను.

పోస్టుమాను లాజరు మెట్టు మీద నిలబడి కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "పెద్ద కవరండీ. ముద్ర కూడా ఉంది. ఉద్యోగమేమో."

కవరు మీద ఆయన పేరుంది. మా పెళ్ళయి అప్పటికి మూడు నెలలు. మొగుడి పేర వచ్చిన ఉత్తరం చింపవచ్చో కూడదో ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి చింపేశాను.

అర్థశాస్త్రం, వ్యాపారం, పారిశ్రామిక సంబంధాలు, ఈ మూడూ కలిపి మద్రాసులో కొత్తగా పెట్టిన ఏడాది కోర్సుకి ఆయనని తీసుకున్నారు. యుద్ధం ఆగి ఏడాది కావస్తోంది. ఇక ఫ్యాక్టరీలు పెరుగుతాయి, యజమానికీ పనివాళ్ళకీ మధ్య నిలబడి మాట్లాడగలిగే చదువుకున్నవాళ్ళు కావాలి అని ఆ కాగితంలో రాశారు. నలభై మందిని తీసుకుంటే అందులో మా ఆయన ఒకరు.

గంట ఇంకా సగమే బిగిసింది. అయినా మోగించాను. మళ్ళీ మోగించాను.

"ఉద్యోగం కాదు లాజరు గారూ. చదువు."

"పెళ్ళయ్యాక కూడా చదువేనా అండీ, పాపం," అని లాజరు నిజంగానే జాలిపడుతూ వెళ్ళిపోయాడు.

నేనూ, మా ఆయనా ఇద్దరం బి.ఏ. ఎకనామిక్సే. ఆయనది మూడో తరగతి, నాది రెండో తరగతి. ఈ సంగతి వారానికొకసారైనా ఏదో ఒక వంకతో ఆయనకి గుర్తు చేసేదాన్ని. ఆయన బట్టల వర్తకుల సంఘం ఆఫీసులో గుమాస్తా. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కాగితం చేతిలో పెడితే చదివి, నన్ను సైకిలు వెనక సీటు మీద కూర్చోబెట్టుకుని కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్ళారు. దారంతా నేనే చెయ్యి చాపి గంట మోగిస్తూనే ఉన్నాను. ఒడ్డున ముంజలు కొట్టించారు.

"నిన్ను కూడా తీసుకెళ్తాను రత్నం. మైలాపూరులో ఒక గది చూద్దాం. నువ్వు ఎం.ఏ.లో చేరు."

"ఏడాది జీతం లేకుండా ఎలాగండీ?"

"ఉపకార వేతనం ఇచ్చే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ముందు నువ్వు ముంజ తిను."

తిన్నాను. నీళ్ళు మోచేతి దాకా కారాయి. ఆయన తన జేబురుమాలుతో తుడిచారు. ఆ పెద్దమనిషి ఎవరని నేను అడగలేదు. ఆ వేసవి అంతటిలో నేను అడగని ప్రశ్న అదొక్కటే.

కోర్సులో చేరేవాళ్ళు ఏదో ఒక వృత్తివారి ఇళ్ళు స్వయంగా తిరిగి, వాళ్ళ బతుకు ఎలా గడుస్తోందో నివేదిక రాసి తీసుకురావాలని కాగితంలో ఉంది. ఎవరి ఇళ్ళని ఆలోచించే పనే లేదు. చల్లపల్లి దగ్గర మా మేనత్త హనుమాయమ్మ ఉండే వీధిలో ముప్ఫై రెండు ఇళ్ళూ మగ్గాలవాళ్ళవే, అందరూ నేను పుట్టినప్పటి నుంచీ తెలిసినవాళ్ళే. ఆయన పుస్తకాలు చూసి పదహారు ప్రశ్నలు తయారుచేశారు, నేను వాటిని తెలుగులో పెట్టాను. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చాక, కింద పెన్సిలుతో ఇంకొకటి రాశారు. "పని ఆగిపోతే ఈ ఇల్లు ఎన్నాళ్ళు నిలుస్తుంది?"

"ఇది పుస్తకంలో లేదే," అన్నాను.

"అసలు ప్రశ్న అదే కదా. రెండో తరగతి దానివి, నీకు నేను చెప్పాలా?"

నాకు ఒళ్ళు పొంగిపోయింది. మంచి ప్రశ్నేనని ఒప్పుకున్నాను.

*

పెట్రోలు కరువుతో బొగ్గు మీద నడిచే బస్సు ఉయ్యూరులో ఒకసారీ పామర్రులో ఒకసారీ ఆగిపోయి, ఆరు గంటల ప్రయాణం చేసి మమ్మల్ని చల్లపల్లిలో దించింది. ఆయనకి సంఘం ఆఫీసులో పని ఉందని మర్నాడే తిరిగి వెళ్ళారు. నేను వారం రోజులు ఉండిపోయాను.

పొద్దున్నే వీధిలో పడుగులు పరిచేవారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా దారాలు సాగదీసి, గంజి పెట్టి, అటు నలుగురు ఇటు నలుగురు కుంచెలతో సరిచెయ్యాలి. ఎండ ముదరకముందే అయిపోవాలి. ఒక ఇంటి పడుగుకి పది ఇళ్ళ చేతులు కావాలి. ఇవాళ నీకు, రేపు నాకు. నేను కొంగు బిగించి అత్త పక్కన నిలబడితే, అవతల వరసలో ఎవరో, "బి.ఏ. గంజి పడుతోంది, చీర ఇంగ్లీషు మాట్లాడుద్ది ఇక," అన్నారు.

పగలు కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మొదటి కాలమ్‌లోనే చిక్కు వచ్చింది. మగవాళ్ళంతా మగ్గం గుంటల్లో ఉంటారు, సమాధానాలు చెప్పేది ఆడవాళ్ళు. ఏ ఆడదీ మొగుడి పేరు చెప్పదు.

"పేరు లేకుండా ఎట్లా రాసుకోను పిన్నీ?" అని రాఘవమ్మని అడిగాను. ఆమె నూలు కండెలు చుడుతూ నవ్వింది.

"ముందు నీ మొగుడి పేరు నువ్వు చెప్పు. అప్పుడు మేమంతా చెప్తాం."

నేను నోరు తెరిచాను. పేరు రాలేదు. పరీక్షలో కూడా అలా కాలేదు నాకు. వసారాలో ఉన్న ఆడవాళ్ళందరూ పడీ పడీ నవ్వారు. రాఘవమ్మ కళ్ళు తుడుచుకుని వేలు ఎదురింటి వైపు చూపించింది. "అదిగో, ఆ ఇంటాయనదీ ఇదే పేరు." ఆ ఇంటాయన వెంకటప్పయ్య. సరే, వెంకటప్పయ్య అని రాసుకున్నాను.

ఈ కాగితాలు ఎక్కడికి పోతాయని మొదట అడిగింది వీరభద్రయ్య గారు. ఆ వీధికి పెద్ద ఆయనే. "మద్రాసు కాలేజీకి బాబాయ్. ఇక్కడ ఎవరి కంటా పడవు," అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "మన పిల్ల అడుగుతోంది, చెప్పండర్రా," అని వీధికంతటికీ వినపడేలా అన్నారు.

పదిహేడో ప్రశ్నకి మాత్రం అందరూ గొంతు తగ్గించేవారు. బయటికి నిండుగా కనపడే ఇళ్ళలో బియ్యం బానలు అడుగంటి ఉన్నాయి. ఈ సంగతి పక్కింటికి కూడా తెలియదు. నాకు చెప్పారు. అత్తని అందరికన్నా ఆఖరున అడిగాను. ఆమె పోయిన కూతురి పిల్లలిద్దరినీ పెంచుతోంది. లేచి వెళ్ళి బానలో చెయ్యి పెట్టి చూసి వచ్చింది.

"పదకొండు రోజులే రత్నం. పన్నెండో రోజు పొయ్యి మీద ఉత్త నీళ్ళు కాగుతయ్. ఎవరితో అనమాక."

"నేనెందుకంటాను అత్తా."

*

బెజవాడ వచ్చాక నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని పట్టిక వేశాను. ఎర్ర సిరాతో గీతలు, నల్ల సిరాతో అంకెలు. అంత అందమైన పట్టిక నేను బి.ఏ.లో కూడా వెయ్యలేదు. ఆయన భుజం మీదుగా చూసి, "ఇళ్ళ వరసలో కాకుండా రోజుల వరసలో పెట్టు. తక్కువ రోజులు నిలిచే ఇల్లు పైన," అన్నారు. తిరగరాశాను. మొదటి పేరు అత్తది, రెండోది తూర్పు వరస వెంకటప్పయ్యది. అట్ట మీద ఆయన పేరు గుండ్రంగా రాసి, కింద గీత గీసి, చాలాసేపు చూసుకున్నాను. నోటితో అనలేని పేరు చేత్తో రాయడం ఎంత బాగుంటుందో.

టైపు చేయించుకొస్తానని ఆయన తీసుకెళ్ళారు.

జ్యేష్ఠంలో అత్త ఎవరి చేతనో కార్డు రాయించింది. వీధిలో మగ్గాలన్నీ ఆపేశారు. వాళ్ళకి నూలు ఇచ్చి చీరలు తీసుకునేది వెంకటసుబ్బారావు అనే షావుకారు. సర్కారు కంట్రోలు నూలుకి లైసెన్సు ఆయన దగ్గరే ఉంది, బెజవాడలో పెద్ద కొట్టు, మా ఆయన పనిచేసే సంఘంలో పెద్ద. చీరకి అర్ధరూపాయి మజూరీ పెంచమంటే కాదన్నాడు. శ్రావణం సరుకు ఆషాఢం మొదట్లోనే అందాలి కాబట్టి ఆయన పదిహేను రోజులకన్నా ఆగలేడనీ, ఆ పదిహేను రోజులూ ఒకరికొకరు సర్దుకుంటే గెలుస్తామనీ వీరభద్రయ్య గారు లెక్క కట్టారట.

కార్డు చదివి వినిపించాను. "గెలుస్తారంటారా?"

"చూద్దాం," అని ఆయన చొక్కా తొడుక్కున్నారు. "సంఘం పనుంది. భోజనానికి ఆలస్యమవుతుంది."

నేను పుస్తకాల్లో చదివిన సమ్మె మా అత్త వీధిలో జరుగుతోందని నాకు గర్వంగా ఉండేది. గోడ మీద కేలండరులో రోజుకొక సున్నా చుట్టేదాన్ని. పదో సున్నా చుట్టిన నాడు అత్త బాన గుర్తొచ్చింది. మా రేషను బియ్యంలో నాలుగు శేర్లు సంచిలో పోసుకుని, బట్టల అడుగున పెట్టి, పన్నెండో రోజుకి చేరేలా బయల్దేరాను.

*

వీధి మొగలో నాకన్నా ముందు ఒక ఎడ్లబండి ఉంది. దాని మీద బియ్యం బస్తాలు, నూలు కట్టలు. షావుకారు గుమాస్తా సంజీవరావు చేతిలో కాగితం పట్టుకుని ముందు నడుస్తున్నాడు. అంత మౌనంగా ఆ వీధిని నేనెప్పుడూ చూడలేదు. అందరూ గుమ్మాల్లో నిలబడ్డారు.

బండి ఏడు ఇళ్ళు దాటుకుంటూ వచ్చి అత్త గుమ్మం ముందు ఆగింది.

"అరబస్తా బియ్యం, ఒక కట్ట నూలు. తీసుకుంటే ఇవాళే మగ్గం ఎక్కాలి. మజూరీ పాతదే," అన్నాడు సంజీవరావు.

అత్త పిల్లల వంక చూసింది. చిన్నది నిద్రపోతోంది, ఆ వేళప్పుడు. అత్త బండి వైపు నడిచింది.

నా సంచి నా చేతిలోనే ఉంది. పన్నెండో రోజని తెలుసు కాబట్టి నేను వచ్చాను. ఈ బండికి ఎట్లా తెలుసు?

సంజీవరావు కాగితం మీద టిక్కు పెట్టి ముందుకు నడిచాడు. బండి మళ్ళీ ఆగింది. ఈసారి వెంకటప్పయ్య గారి గుమ్మంలో. ఆయన అరుగు మీద నుంచి లేచి, "నాకెందుకయ్యా నీ బియ్యం? రెండెకరాలున్నయ్ నాకు. గాదె చూపించమంటావా?" అన్నాడు.

"వెంకటప్పయ్య గారేనా?"

"ఆయన్నే."

"తూర్పు వరసేనా?"

"పొద్దు ఏవైపు పొడుస్తదో కూడా నన్నే చెప్పమంటావా?"

వీధి మొత్తం నవ్వింది, పన్నెండు రోజుల తర్వాత. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎదురుగా పడమటి వరసలో రాఘవమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. తొమ్మిది మంది తినే ఇల్లు, పన్నెండు రోజులన్నది ఆమె. ఆమె భర్త కూడా వెంకటప్పయ్యే. ఆవేళ ఆమె వేలు ఎదురింటికి చూపించినప్పుడు నేను ఆ పేరుతో పాటు ఆ వరసని కూడా రాసేసుకున్నాను. ఆ తప్పు భూమ్మీద ఒక్క కాగితంలోనే ఉంది. దానికి గీతలు నేను ఎర్ర సిరాతో గీశాను.

మధ్యాహ్నానికి ఆరు మగ్గాలు మోగాయి. పొద్దు వాలకముందే సమ్మె అయిపోయింది.

వీరభద్రయ్య గారు అత్త అరుగు దగ్గరికి వచ్చి కూర్చోకుండా నిలబడ్డారు. వెనక పదిమంది.

"మన బానల్లో ఎన్ని గింజలున్నయ్యో ఆయనకెట్టా తెలిసింది హనుమాయమ్మా?"

"నాకేం తెలుసు అన్నా."

"ఆడవాళ్ళంతా కండెలు చుట్టేది నీ అరుగు మీద. అందరి గుట్టూ నీ దగ్గరే ఉంటది. బండి ముందుగా ఆగింది నీ గుమ్మంలోనే. ఎల్లుండి సాయంత్రం సభ పెడుతున్నాం. ఎవరు చెప్పారో అక్కడ చెప్పు. వాళ్ళూ వీళ్ళూ అంటే కుదరదు. పేరు పెట్టి చెప్పాలి. లేదంటే నీ పడుగుకి ఈ వీధిలో చెయ్యి లేవదు."

వాళ్ళు వెళ్ళాక అత్త నన్ను లోపలికి తీసుకెళ్ళి బాన పక్కన కూర్చుంది. "పదకొండు రోజులన్న మాట నేను నీ ఒక్కదానితోనే అన్నా," అంది.

"అత్తా."

"నువ్వు చెప్పలేదు. నీ మొహం చూస్తే తెలుస్తానే ఉంది. ఎవరు చెప్పారో కూడా తెలుస్తానే ఉంది. ఊరుకో. కొత్త కాపరం. సభలో మీ ఇంటి ఊసు నా నోట రాదు."

"వెలేస్తే పడుగు ఎవరు పడతారు?"

"ఇంత చదివావు, అదొక్కటీ కనిపెట్టలేవా ఏదన్నా మిషను," అని నవ్వబోయింది. నేను తెచ్చిన బియ్యం బానలో పోసి సంచి మడిచి నా చేతికిచ్చింది.

అక్కడే, అప్పుడే చెప్పి ఉండవలసింది. కానీ ఆయన నోటితో కాదంటారేమోనని ఇంకా ఆశ ఉంది నాకు. మర్నాడు మధ్యాహ్నం బస్సెక్కేశాను. ఉయ్యూరులో ఆగినప్పుడు, టైపిస్టు ఎవరో కాగితం దొంగిలించి ఉంటాడని ఒక కథ అల్లాను. కంకిపాడు దాకా దాన్ని నమ్మాను కూడా.

*

నేను ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. ఆయన వసారాలో సైకిలు వెనక సీటుకి దూది కుట్టిన దిండు కడుతున్నారు. నన్ను చూసి గంట మోగించారు.

"మద్రాసు రోడ్లు పెద్దవి, నీకు నొప్పెడుతుందని. కూర్చుని చూడు."

"టైపు కాగితం ఇంకో ప్రతి ఎవరికిచ్చారు?"

ఏ కాగితమని ఆయన అడగలేదు. దానితో నా టైపిస్టు కథ అయిపోయింది.

"ఏడాది ఖర్చంతా షావుకారే పెడుతున్నాడు రత్నం. చదివొచ్చాక మేనేజరు ఉద్యోగమన్నాడు. చూపించమని అడిగితే కాదని ఎట్లా అంటాను?"

"పదిహేడో ప్రశ్న ఆయనదేనా?"

దిండు తాడు విప్పి మళ్ళీ కట్టారు. "అడగమన్నది ఆయనే. కానీ మంచి ప్రశ్న అని నువ్వే అన్నావు."

అన్నాను. అది నిజం.

"ఎటూ ఓడేదే ఆ సమ్మె. నెల్లాళ్ళు పస్తులుండి ఓడేకన్నా పన్నెండు రోజుల్లో తేలిపోవడం వాళ్ళకే మంచిది. బేరసారాల్లో రెండు పక్షాలకీ సమాచారం తెలిసి ఉంటే నష్టం తక్కువని పుస్తకంలో..."

"రెండు పక్షాలకీ కదండీ. షావుకారు గిడ్డంగిలో ఎన్ని చీరలున్నాయో, ఎన్నాళ్ళు ఆగగలడో మా అత్తకి ఎవరు పట్టిక వేసిచ్చారు? ఆ పుస్తకం నేనూ చదివాను. మీకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి."

ఈ మాట నవ్వకుండా అనడం అదే మొదటిసారి. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ ముఖం మీద నాకు ఇష్టం పోలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. లోపలికి వెళ్ళి, మద్రాసు ట్రంకులో పైనే ఉన్న నా ఎర్ర గీతల పట్టిక తీసుకుని, అత్త మడిచిచ్చిన సంచిలో పెట్టాను.

ఆయన గుమ్మంలోకి వచ్చారు. "ఎక్కడికి?"

"రేపు సాయంత్రం మా అత్తని సభలో నిలబెడుతున్నారు. ఆమె చెప్పదు. నేను చెబుతాను."

"ఏమని?"

"ఈ లెక్క రాసింది నేనని."

ఆయన ఊపిరి వదిలారు. "సరే. నీకు తెలియక రాశావని వాళ్ళూ అర్థం చేసుకుంటారు."

"తర్వాత, షావుకారుకి ఇచ్చిందెవరని అడుగుతారు."

"మా ఆయన అంటావు."

"అట్లా అంటే సభలో కుదరదట. పేరు పెట్టి చెప్పాలట."

ఆయన నవ్వబోయారు. ఆ పేరు నా నోట రాదని ఆయనకి తెలుసు. ఆ వీధి ఆడవాళ్ళకీ తెలుసు.

"భావనారాయణ," అన్నాను.

ఎవరో పరాయివాళ్ళు పిలిచినట్టు ఆయన నా వంక చూశారు.

"రేపు ముప్ఫై రెండు ఇళ్ళవాళ్ళ ముందు అనాలి. తడబడతానేమోనని చూసుకున్నాను. మొదటి బస్సు అయిదున్నరకి. నేను వెళ్తున్నాను."